గోడవతలి గొంతు

ఆ వీధి చివరి రెండిళ్ళ మధ్య ఉన్న గోడ మంచిది కాదని అందరికీ తెలుసు. చీకటి పడ్డాక దాని దగ్గరికి ఎవరూ పోరు. ఇస్త్రీ బండి అతనికి ఆ పక్క సందులోంచే దగ్గరి దారి. అయినా వదిలేసి వీధంతా చుట్టి వస్తాడు. ఎందుకయ్యా అంటే సందులో రాళ్ళున్నాయి, చక్రం పట్టేస్తుంది అంటాడు. పగలు లేని రాళ్ళు రాత్రి ఎక్కడివి అని అడిగితే మాత్రం మాట మార్చేస్తాడు.

గోడకి ఇవతల కటింగ్ మాస్టరు ఇల్లు. అవతల తాళం వేసిన ఇల్లు, దాని పెరట్లో ఒక చెట్టు మొద్దు. బాదం చెట్టు మొద్దు. ఆ మొద్దు పక్కనే, గోడకి ఒక చెయ్యి ఆనించి, ఒక మనిషి ప్రాణం వదిలింది. అప్పటి నుంచీ మొద్దుగా మిగిలిన ఆ చెట్టుకి ఆకులు రాలుతున్నాయని చెప్పుకుంటారు.

మొద్దుకి ఆకులేమిటి అంటారా… అక్కడే ఉంది అసలు సంగతి. కథ నాలుగు నోళ్ళు తిరిగొచ్చింది కాబట్టి ఉప్పూ కారం బాగానే పడ్డాయి. అవి దులిపేస్తే మిగిలింది ఇదీ.

మాస్టరు రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సుద్దముక్కతో గీత గీసి, గీత మీద కత్తెర నడిపిన మనిషి. రిటైరయ్యాక గీయడానికి గుడ్డ లేక పెరటి మీద పడ్డాడు. కంచె మొక్కలు దారం కట్టి మరీ కత్తిరిస్తాడు. పూలకుండీల మధ్య ఎడం జానెడంటే జానెడే ఉండాలి. పెరడు ఊడిస్తే చీపురు గీతలన్నీ ఒకే వైపుకి పడాలి. ఆ గీతల మీద ఎవరైనా అడుగు వేశారా, ఇంక ఆ పూటకి ఆ ఇంట్లో మాటలుండవు.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. వీధంతా ఆపరేటరమ్మ అనే పిలుస్తుంది. ఆవిడకి ముఖాలు గుర్తుండవు గానీ గొంతులు గుర్తుంటాయి. ఒకసారి విన్న గొంతు మర్చిపోదు. కావాలంటే ఆ గొంతుతోనే మాట్లాడి చూపిస్తుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పెద్ద డాక్టరు గొంతుతో చిన్న డాక్టర్లని హడలగొట్టి, పక్క సీటు వాళ్ళని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. ఆ సరదా ముసలితనంలో ఇలా పనికొస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

గోడవతల ఉండే ఆవిడ లైబ్రరీలో పనిచేసేది. ఒంటరి మనిషి. మాస్టరుని అన్నయ్యగారూ అనేది, ఆపరేటరమ్మని వదినా అనేది. ఆపరేటరమ్మకి కూడా ఆవిడ లైబ్రరీ వదినే. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ చేతిసంచులు పట్టుకుని బయల్దేరేవాళ్ళు. కూరల కొట్టు, మందుల షాపు, పార్కు చుట్టూ ఒక చుట్టు, బేకరీలో టీ… ఇంటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగేవి. దారంతా మాటలే. లైబ్రరీ వదిన ఏం చెప్పినా గుసగుసగా చెప్పేది. నిశ్శబ్దం పాటించండి అనే బోర్డు కింద అన్నేళ్ళు కూర్చున్న మనిషి, గొంతు పెంచడం ఎప్పుడో మర్చిపోయింది. ఆఖరికి కూరల బేరం కూడా గుసగుసగానే ఆడేది. కొట్టువాడు ఏదో రహస్యం అనుకుని ముందుకి వంగి, తగ్గించి ఇచ్చేసేవాడు.

ఇంత స్నేహం మధ్యలోకి వచ్చి పడింది బాదం చెట్టు.

చెట్టు లైబ్రరీ వదినది. ఆకులు మాత్రం మాస్టరు పెరట్లో రాలేవి. బాదం ఆకులు ఎలా ఉంటాయో తెలుసుగా, అరచెయ్యంత పెద్దవి. ఎర్రబడి ఒక్కసారిగా రాలడం మొదలుపెడితే పొద్దున్న ఊడ్చిన చోట మధ్యాహ్నానికి నేల కనిపించదు. మాస్టరు మొదట చెప్పి చూశాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత గోడ దగ్గర నిలబడి ఆకాశం వైపు చూస్తూ తిట్టాడు. లైబ్రరీ వదిన నొచ్చుకోలేదు. చీపురు పట్టుకుని వచ్చి, నేను ఊడ్చి పెడతాను అన్నయ్యగారూ అనేది. తన పెరట్లో ఇంకొకళ్ళ చీపురు గీతలు పడటం ఆయనకి ఇంకా మంట.

ఒక ఏడాది ఆ చెట్టుకి చిగుళ్ళు రాలేదు. కొమ్మలు ఎండిపోయాయి. లైబ్రరీ వదిన వంగి చూస్తే చెట్టు మొదట్లో, గోడ వైపు, వేళ్ళ దగ్గర బెజ్జాలు కనిపించాయి. లోపలంతా నల్లగా ఉడికిపోయి ఉంది. కాస్త పొట్టు గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంటే బాత్రూములు కడిగే యాసిడ్ కంపు.

ఆవిడ గోడ దగ్గరికి వచ్చి, అదే గుసగుసతో, మీరు గానీ చేశారా అన్నయ్యగారూ అని అడిగింది. మాస్టరు ఒంటికాలి మీద లేచాడు. అప్పుడు ఆపరేటరమ్మ వంటింట్లోంచి వచ్చి, మొగుడి పక్కన నిలబడి, చెయ్యకూడని పని చేసింది.

"మా ఆయనకి కోపం ఉంది గానీ దుర్మార్గం లేదు వదినా. కావాలంటే ఒట్టేసి చెప్తాను."

లైబ్రరీ వదిన ఆవిడ వంక చూసింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి సాయంత్రం సంచి పట్టుకుని ఒంటరిగా బయల్దేరింది. ఆ తర్వాత కూడా అంతే. ఎదురుపడితే తల ఊపేది. వదినా అని మాత్రం పిలవలేదు.

అలా కొంతకాలం గడిచాక ఒకనాడు పొద్దున్నే పాలతను కేక పెట్టాడు. లైబ్రరీ వదిన ఎండిన చెట్టు కింద, గోడకి ఒక చెయ్యి ఆనించి కూర్చున్నట్టే ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. గుండె ఆగిందన్నారు. చెట్టు మీద బెంగ పెట్టుకుంది, అర్ధరాత్రి లేచి చెట్టు దగ్గరికి పోయింది అని వీధి మొత్తం తేల్చేసింది. ఆవిడ అక్క కొడుకు వచ్చి, చేయాల్సినవి చేసి, ఎండిన చెట్టు కొట్టించి, ఇంటికి తాళం వేసి, మొక్కలకి నీళ్ళు పోయమని ఒక తాళంచెవి ఆపరేటరమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆపరేటరమ్మ ఏడ్చింది. మాట్లాడకుండానే పోయావా వదినా అని ఏడ్చింది. మాస్టరు పక్కనే కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ రోజే తన మంచం వెనక గదిలోంచి ముందు గదిలోకి మార్చుకున్నాడు. ఇన్నేళ్ళూ వెనక గది గాలి లేకపోతే నిద్ర పట్టదన్న మనిషి, ఇప్పుడు దోమలు ఎక్కువయ్యాయన్నాడు. గోడ వైపు కిటికీకి మేకులు కొట్టేశాడు.

దోమలకి మేకులెందుకని ఆవిడ అప్పుడు ఆలోచించలేదు.

ఆలోచన వచ్చింది ఎరువు బస్తాల వెనక ఊడుస్తున్నప్పుడు. మాస్టరు పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డులో ఎలుక చచ్చి కంపు కొడుతుంటే ఆవిడ చీపురు తీసుకుని దూరింది. ఎలుక దొరకలేదు. ఖాళీ యాసిడ్ సీసాలు దొరికాయి, వరసగా, మూతలు బిగించి, అన్నీ ఒకే వైపుకి తిప్పి పెట్టి. దొంగతనంగా చేసిన పనిని కూడా అంత పద్ధతిగా సర్దిపెట్టే మనిషి ఆ వీధిలో ఒక్కడే. పక్కన డ్రిల్లింగ్ మిషను, దాని ములుకుకి ఎండి అంటుకుపోయిన కర్రపొట్టు.

ఆవిడ అక్కడే ఎరువు బస్తా మీద కూర్చుంది. ఆయన అబద్ధం ఆడాడు, సరే. ఆ అబద్ధానికి తన చేత ఒట్టు వేయించాడు. ఉన్న ఒక్క స్నేహితురాలు తనని కూడా అబద్ధాలకోరు కిందే లెక్కకట్టి, అదే మనసుతో పోయింది. ఆవిడకి వచ్చింది మామూలు కోపం కాదు. అరిచి, గిన్నెలు విసిరి చల్లారే రకం కాదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ మెల్లగా కదిపి చూసింది. లైబ్రరీ వదిన చెట్టుని ఎవరు పాడు చేసి ఉంటారండీ అని. మాస్టరు ముద్ద మింగి, పురుగు పట్టి ఉంటుందిలే అన్నాడు. మాట తొట్రుపడలేదు. చాలా శుభ్రంగా అన్నాడు.

అప్పుడే ఆవిడ నిర్ణయించుకుంది. ఈయన నోటితో ఈయనే అనాలి. ఆ గోడ దగ్గర నిలబడి, నేనే చేశానని, ఒక్కసారి. వదిన వింటుందో వినదో తెలియదు. తను వింటే చాలు.

మర్నాడు సాయంత్రం ఎప్పట్లాగే సంచి పట్టుకుని బయల్దేరింది. కూరలు కొంది. మోకాళ్ళ నొప్పి మాత్రలు కొంది. పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. పార్కు చివర బాదం చెట్లు వరసగా ఉన్నాయి. వంగి ఒక్కో ఆకూ ఏరింది, బాగా ఎర్రబడినవి, పెద్దవి. పార్కు ఊడ్చే ఆవిడ ఎందుకమ్మా అంటే, ఎరువుకి అంది. వంకాయల మీద ఆకులు కప్పుకుని ఇంటికొచ్చింది.

మాస్టరు పొద్దు వాలకముందే పెరడు ఊడ్చి, గీతలు పెట్టి, తలుపు గడియ పెట్టేసేవాడు. ఈ మధ్య చీకట్లో పెరట్లోకి పోవడం మానేశాడు కదా. ఆయన గురక మొదలయ్యాక ఆవిడ మధ్య గదిలోంచి లేచి, పెరటి తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి ఆకులు విసిరింది. నేల మీద కాలు పెట్టలేదు. గీతల మీద అడుగు పడితే ఆయనకి తెలిసిపోదూ…

పొద్దున్నే మాస్టరు చీపురు పట్టుకుని తలుపు తీశాడు.

చీపురు చప్పుడు మాత్రం మొదలవలేదు. ఆవిడ వంటింట్లోంచి చెవి ఒగ్గి వింది. నిన్న సాయంత్రం పెట్టిన గీతలు పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క అడుగు లేదు. వాటి మీద బాదం ఆకులు. గోడవతల చెట్టు లేదు. ఆ వీధిలోనే బాదం చెట్టు లేదు. మాస్టరు లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చింది. గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది. ఆ చప్పుడు ఆవిడకి కమ్మగా వినిపించింది.

రెండు రోజులు ఊరుకుని మళ్ళీ విసిరింది. ఈసారి ఆయన ఆకులన్నీ పోగుచేసి గొయ్యి తీసి పూడ్చాడు. మళ్ళీ విసిరింది. ఆయన తినే అన్నం తగ్గిపోయింది. ఒకరోజు కంచె మొక్కలు కత్తిరిస్తూ దారం కట్టడం మర్చిపోయాడు, కంచె వంకరగా వచ్చింది. వచ్చినట్టు కూడా చూసుకోలేదు.

"రాత్రుళ్ళు నువ్వు గానీ పెరట్లోకి వెళ్తున్నావా?" అని ఒక పూట అడిగాడు.

"మోకాళ్ళు పట్టేసి మంచం దిగడమే కష్టంగా ఉంది, పెరట్లో నాకేం పని? ఏం జరిగింది?"

"ఆకులు."

"ఏం ఆకులు?"

మాస్టరు నోరు తెరిచాడు. బాదం అనే మాట బయటికి రాలేదు. ఏవో ఆకులులే అని వెళ్ళిపోయాడు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. బేకరీలో టీ తాగుతూ, మా పెరట్లో బాదం ఆకులు రాలుతున్నాయండీ, విచిత్రం కాదూ అని ఒక్క మాట అని వదిలేసింది. మిగతా పని వీధి చూసుకుంది. వారం తిరిగేసరికి అర్ధరాత్రి తెల్లచీర, చీపురు చప్పుడు, గుసగుసలు అన్నీ పుట్టుకొచ్చాయి. అవన్నీ తిరిగి తిరిగి, షేవింగు చేయించుకోవడానికి వెళ్ళిన మాస్టరు చెవినే పడ్డాయి. ఆయన సగం గడ్డంతో లేచి వచ్చేశాడు.

పెరట్లో పెద్ద బల్బు పెట్టించాడు. ఎలక్ట్రీషియను గోడ వైపు వీపు పెట్టకుండా, పక్కవాటుగా నిచ్చెనెక్కి బిగించి పోయాడు. రాత్రి ఆవిడ గుమ్మంలోంచే కర్రతో ఎగదోసి బల్బుని కాస్త వదులు చేసింది. ఆయన లోపలి నుంచి స్విచ్చి వేస్తే వెలగలేదు. పొద్దున్నే మాస్టరు ఎక్కి చూస్తే బల్బు బాగానే ఉంది. దాంతో ఆయన పూర్తిగా నీరుగారిపోయాడు.

జాలి వేయలేదా అంటే, వేసింది. ఒక రాత్రి ఆయన నిద్రలో మూలుగుతుంటే లేచి దుప్పటి కప్పింది. కప్పి, ఆ చేత్తోనే పోయి ఆకులు విసిరింది. చెప్పెయ్యరాదూ, ఒక్క మాట అని లోలోపల అనుకుంది. చెప్పేస్తే వదిలేద్దును కదా. ఆయన చెప్పలేదు. భయపడితే పడ్డాడు గానీ, నేను ఫలానా తప్పు చేశానని మాత్రం గాలికి కూడా చెప్పలేదు.

ఇంక గొంతు వాడక తప్పదనుకుంది.

స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ చప్పుడు మాటున అలవాటు చేసుకుంది. అన్నయ్యగారూ… అని. లైబ్రరీ వదిన ఆ మాట చివర చిన్నగా ఊపిరి పీల్చేది. అది పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. అడగాల్సింది కూడా ఒక్క మాటే సిద్ధం చేసుకుంది. ఎక్కువ మాట్లాడితే దొరికిపోతారని ఫోన్ల దగ్గర నేర్చుకుంది కదా.

ఆ రాత్రి వంటిల్లు సర్దేసి, పెరటి పంపు కొంచెం వదులుగా కట్టింది. కింద ఇత్తడి బిందె పెట్టింది. మోకాళ్ళకి మాత్ర వేసుకున్నాను, లేపకండి అని చెప్పి మధ్య గది తలుపు దగ్గరగా వేసుకుంది. తర్వాత గురకపెడుతున్న ఆయన మంచం పక్కగా, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలోంచి బయటపడి, పక్కింటి గేటు తాళం తీసి, ఇంటి పక్కగా పెరట్లోకి నడిచింది. గోడ దగ్గర, మొద్దు పక్కన నిలబడింది.

టప్… టప్… టప్…

కారే పంపుని భరించగలిగిన మనిషి కాదు మాస్టరు. పక్క వీధిలో పంపు కారినా లేచి కూర్చునే రకం. ముందు గదిలో మంచం కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. భయానికీ పంపుకీ మధ్య ఆయన ఎంతసేపు నలిగాడో… చివరికి పంపే గెలిచింది. పెరటి గడియ తీసిన చప్పుడు వినిపించింది.

గోడ పైనుంచి టార్చి వెలుగు ఒకసారి ఊగింది. చెప్పుల చప్పుడు. పంపు బిగించాడు. నీటి చుక్క ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

"అన్నయ్యగారూ…"

టార్చి కదలడం మానేసింది.

"అన్నయ్యగారూ…"

ఆ గుసగుస అంత అచ్చంగా వచ్చేసరికి, అది తన గొంతేనా అని ఆపరేటరమ్మకే ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. చీర కొంగు గుప్పిట్లో బిగించుకుంది. సిద్ధం చేసుకున్న మాట అడిగేసింది.

"ఎందుకు చంపారు… అన్నయ్యగారూ?"

చెట్టుని. పచ్చగా ఉన్న చెట్టుని ఎందుకు చంపారు అని ఆవిడ ప్రశ్న. దేన్ని అని విడమర్చి చెప్పక్కర్లేదనుకుంది. గోడకి అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ తెలిసిన సంగతే కదా. ఇప్పుడు ఆయన, తప్పయిందమ్మా, ఆకులు ఊడ్చలేక యాసిడ్ పోశాను అంటాడు. తను వింటుంది. అయిపోతుంది.

టార్చి కింద పడింది.

"నేను చంపలేదమ్మా…" అన్నాడు మాస్టరు. ఏడుస్తున్నాడు. "నేను చంపలేదు. లేచి రాలేదు, అంతే."

ఆపరేటరమ్మకి అర్థం కాలేదు.

"పిలిచావు. వినపడింది. కాదనను… అన్ని సార్లు పిలిస్తే వినపడకుండా ఎలా ఉంటుంది, కిటికీ పక్కనేగా పడుకున్నాను. మళ్ళీ ఆ చెట్టు గొడవే ఎత్తుతావనుకున్నాను. గుండెల్లో నొప్పి అన్నావు… నాటకం అనుకున్నానమ్మా."

ఆవిడ గోడ పట్టుకుంది. చల్లటి గోడ.

"వదినని లేపండి, వదినకి తెలుసు అన్నావు. అది మాత్ర వేసుకుని పడుకుంది. లేపితే నువ్వూ అదీ మళ్ళీ ఒకటైపోతారు, చెట్టుకి నేను చేసింది బయటికొస్తుంది… లైటు ఆర్పేశాను. పొద్దున్నే చూద్దాంలే అనుకున్నాను. నువ్వు పోతావని నాకేం తెలుసు?"

పెద్దాసుపత్రి అంబులెన్సు నంబరు ఆపరేటరమ్మకి నిద్రలో అడిగినా వచ్చు. ఆ ఒక్క ఫోనుతో ఎంతమందిని బతికించిందో ఆవిడకే లెక్క లేదు. లైబ్రరీ వదినకి అది తెలుసు. అందుకే కోపం, మౌనం, ఒట్టు అన్నీ పక్కన పెట్టి, నొప్పితో పెరట్లో పాక్కుంటూ వచ్చి, గోడకి చెయ్యి ఆనించి, గుసగుస తప్ప ఇంకేమీ రాని ఆ గొంతుతో పిలిచింది. వదినని లేపండి అంది. ఇన్నాళ్ళూ తనని క్షమించకుండానే పోయిందని ఆపరేటరమ్మ ఏడ్చింది. పోతూ పోతూ తననే పిలిచింది.

తను నాలుగు గోడల అవతల హాయిగా నిద్రపోతోంది.

ఆవిడకి అప్పుడు దుఃఖం రాలేదు. చెట్టు కోసం తెచ్చుకున్న కోపం ఇప్పుడు చాలా చిన్నదిగా కనిపించింది. దాని స్థానంలోకి వచ్చినదానికి ఆవిడ దగ్గర పేరు లేదు.

గోడవతల మాస్టరు టార్చి కోసం చీకట్లో తడుముకుంటున్నాడు. పంపు కింద తడి. కాలు జారింది. ధబ్బుమని పడిన చప్పుడు, బిందె దొర్లిన చప్పుడు.

ఏమండీ, దెబ్బ తగిలిందా… అని ఆవిడ గొంతు దాకా వచ్చేసింది. కాపురం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆయన ఎక్కడ తూలినా ఆవిడ నోట్లోంచి దానంతట అదే వచ్చే మాట. పళ్ళు బిగించి మింగింది. మింగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరూ…" అన్నాడు ఆయన కింద నుంచి. "ఇంకా ఉన్నావా అమ్మా? ఏం చెయ్యమంటావు నన్ను? చెప్పు… ఏం చెయ్యమన్నా చేస్తాను."

ఇప్పుడు గోడ పైకి తల ఎత్తి, నేనేనండీ అనొచ్చు. ఇంటికి పోయి దెబ్బకి కాపడం పెట్టొచ్చు. పోలీసులో, పెద్దమనుషులో, ఏదో ఒకటి తెల్లారాక ఆలోచించొచ్చు. ఇవన్నీ ఆవిడకి తట్టాయి. అయినా నోరు తెరిచినప్పుడు వచ్చింది గుసగుసే.

"వదినని లేపండి… అన్నయ్యగారూ."

మాస్టరు లేచాడు. ఈసారి క్షణం ఆలస్యం చేయలేదు. కుంటుకుంటూ, గుమ్మం తగిలించుకుంటూ లోపలికి పరిగెత్తాడు. మధ్య గది తలుపు గోడకి కొట్టుకుంది.

"వింటున్నావా…"

ఆయన ఆవిడని పేరు పెట్టి పిలిచింది ఎప్పుడూ లేదు. పెళ్ళయిన కొత్తలో సిగ్గుతో మొదలైన ఆ మాటే పిలుపైపోయింది. అన్నానికీ అదే, చొక్కా గుండీకీ అదే.

"వింటున్నావా… లే, ఆవిడ పిలుస్తోంది… ఎక్కడున్నావు?"

మంచం మీద దుప్పటి తీసి చూసి ఉంటాడు. స్నానాల గది తలుపు చప్పుడైంది. వంటింట్లో గిన్నె ఏదో పడింది. ఒక్కో గదిలోంచీ అదే పిలుపు, ఒక్కోసారి ఇంకాస్త పగిలిపోతూ. ఆ తర్వాత మళ్ళీ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వగరుస్తున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు.

"వింటున్నావా… నాకు ఎడం పక్కంతా ఏదోలా ఉంది… ఒక్కసారి పలుకు…"

గోడ పక్కన మొద్దు మీద కూర్చున్న ఆపరేటరమ్మకి ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. గొంతుని బట్టి మనిషి స్థితి చెప్పగలిగిన ఆవిడ. నొప్పి నిజమైనదో, భయం వల్ల వచ్చిందో వేరు చేయగలదు. అన్నేళ్ళూ ఆవిడ చేసిన ఉద్యోగమే అది.

చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పొద్దున్నే చూద్దాంలే అనుకుంది.